ధ్రువాల గాలిలో వైసాలా ఆర్‌ఎస్41 రేడియోసోండ్: దేన్ని నమ్మొచ్చు, దేన్ని అనుమానించాలి

రేడియోసోండ్, పొట్టిగా సోండ్, అంటే బెలూన్ కింద వేలాడుతూ పైకెగిరి, గాలి ఉష్ణోగ్రత, తేమ కొలిచి రేడియోలో కిందికి పంపే చిన్న పరికరం. ముందే తేల్చి చెప్పేస్తే, ఉష్ణోగ్రత విషయంలో ఆర్‌ఎస్41 కి వంక పెట్టడం కష్టం. తేమ విషయంలో మామూలు మేఘాలుండే ఎత్తు వరకు నిశ్చింతగా వాడుకోవచ్చు. ఆపైన తెర మీద కనిపించే తేమ అంకెను కొలతగా తీసుకోకూడదు. ఇక ధ్రువాల్లో ప్రయోగం చెడిందంటే అనుమానం ముందు పడాల్సింది సోండ్ మీద కాదు. దాన్ని మోసే బెలూన్ మీదా, వదలడానికి ముందు ఐదారు నిమిషాల్లో మనం చేసే పనుల మీదా పడాలి. అందుకే ఈ సమీక్షలో పెట్టెలోంచి తీసే వస్తువు గురించి ఎంతుందో, దాని చుట్టూ ఉండే పని గురించీ అంతే ఉంటుంది.

ఫిన్లాండ్‌లోని వాంటాలో ఉన్న వైసాలా కంపెనీ 2013 లో ఈ మోడల్‌ను ప్రకటించింది. అంతకుముందు దశాబ్దం పాటు ప్రపంచమంతా వాడిన ఆర్‌ఎస్92 స్థానంలోకి ఇది వచ్చింది. అరచేతిలో పట్టే తెల్ల పెట్టె, బరువు సుమారు 100 గ్రాములు. లోపల రెండు లిథియం ఏఏ సెల్స్, జీపీఎస్ రిసీవర్, 400 నుంచి 406 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేసే ట్రాన్స్‌మిటర్ ఉంటాయి. పెట్టెలోంచి బయటికి పొడుచుకొచ్చిన సన్నటి పట్టీ చివర రెండు సెన్సర్లు. ఉష్ణోగ్రతకు ప్లాటినం నిరోధకం, తేమకు పలుచటి పాలిమర్ పొర ఉన్న కెపాసిటర్. సెకనుకోసారి కొలతలు కిందికి పంపుతుంది. బ్యాటరీ నాలుగు గంటలు వస్తుంది. 30 కిలోమీటర్లు ఎక్కడానికి సెకనుకు 5 మీటర్ల చొప్పున 100 నిమిషాలు చాలు కాబట్టి, నేల మీద కాస్త ఆలస్యమైనా ఇబ్బంది లేదు.

ధ్రువాల్లో దీనికి మంచి అనుభవమే ఉంది. స్వాల్‌బార్డ్‌లోని న్యూ-ఆలెసుండ్‌లో, అంటే మన దేశపు హిమాద్రి స్థావరం ఉన్న ఊళ్లోనే, జర్మన్-ఫ్రెంచ్ కేంద్రం రోజూ 11 యూటీసీకి, మన గడియారంలో సాయంత్రం నాలుగున్నరకు, ఒక బెలూన్ వదులుతుంది. అక్కడ 2017 లో ఆర్‌ఎస్92 నుంచి ఆర్‌ఎస్41 కి మారారు. 2019-20 లో పోలార్‌స్టెర్న్ ఓడను ఆర్కిటిక్ మంచులో ఇరికించి ఏడాది పాటు కొట్టుకుపోనిచ్చిన మొజాయిక్ యాత్రలో మామూలుగా ఆరు గంటలకొకటి చొప్పున 1500 కి పైగా ఆర్‌ఎస్41 సోండ్లు ఎగిరాయి. ఒకే రకం పరికరంతో మధ్య ఆర్కిటిక్‌లో అన్ని రుతువులకూ ఇంత దట్టమైన రికార్డు అంతకుముందు లేదు.

ఉష్ణోగ్రత

కంపెనీ చెప్పే పరిధి +60 నుంచి -95 డిగ్రీల సెల్సియస్. -95 అనగానే ఇది అంటార్కిటికా కోసమే పెట్టిన హద్దు అనిపిస్తుంది. నిజానికి తిరుపతి పక్కన గాదంకి మీదుగా 16, 17 కిలోమీటర్ల ఎత్తులో కూడా గాలి -80 డిగ్రీల దాకా చల్లబడుతుంది. ఉష్ణమండలంలో ఈ చలి పొర పలుచన, అంతే తేడా. అంటార్కిటికా శీతాకాలంలో అదే చలి పది, పదిహేను కిలోమీటర్ల మందాన పరుచుకుని ఉంటుంది. స్ట్రాటోస్ఫియర్‌లో, అంటే మామూలు మేఘాలుండే కింది పొరకు పైనున్న పొరలో, -85, -90 కూడా కనిపిస్తాయి. సెన్సర్‌కు ఇదేమీ సమస్య కాదు. సమస్య బెలూన్‌కు. దాని సంగతి కింద.

ప్లాటినం సెన్సర్ స్పందన కాలం నేల దగ్గరి పీడనంలో అర సెకను. 16 కిలోమీటర్ల లోపు 0.3 డిగ్రీలు, ఆపైన 0.4 డిగ్రీలు అనిశ్చితి అని కంపెనీ పత్రం చెబుతుంది. మేఘంలోంచి బయటికొచ్చాక సెన్సర్ మీద అంటిన నీరు ఆవిరవుతూ ఉష్ణోగ్రతను తప్పుగా కిందికి లాగడం ఆర్‌ఎస్92 లో తరచూ కనిపించేది. ఇందులో సెన్సర్‌కు నీరు అంటని పూత ఉండటం వల్ల అది బాగా తగ్గింది. ఆర్కిటిక్ వేసవిలో సున్నాకి దిగువన కూడా ద్రవరూపంలో ఉండే మేఘాలు రోజుల తరబడి కదలకుండా ఉంటాయి కనుక, ఇది చిన్న మెరుగు కాదు.

మిగిలింది ఎండ. పైకి పోయేకొద్దీ గాలి పలచబడి సెన్సర్ వేడిని లాక్కుపోలేదు. ఎండ పడితే అది చుట్టూ ఉన్న గాలి కంటే కొన్ని దశాంశాల డిగ్రీ వేడెక్కుతుంది. సూర్యుడి ఎత్తును బట్టి సాఫ్ట్‌వేర్ దీన్ని సరిదిద్దుతుంది. ధ్రువాల్లో రెండు తిరకాసులున్నాయి. ఒకటి, కింద చీకటిగా ఉన్నా పైన ఎండ ఉండొచ్చు. 30 కిలోమీటర్ల ఎత్తు నుంచి చూస్తే క్షితిజం దాదాపు ఐదున్నర డిగ్రీలు కిందికి దిగిపోతుంది. అంటే సూర్యుడు నేల మీద వాళ్లకు ఐదు డిగ్రీలు కిందకు దిగినా పైనున్న సోండ్ మీద ఎండ పడుతూనే ఉంటుంది. ధ్రువ రాత్రి మొదలయ్యే, ముగిసే వారాల్లో పగలు ప్రయోగం, రాత్రి ప్రయోగం అని నేల మీది వెలుతురును చూసి విడదీస్తే తప్పుతుంది. రెండు, కింద తెల్లటి మంచు. అక్కడి నుంచి తిరిగొచ్చే కాంతి సెన్సర్‌ను అడుగు నుంచి కూడా వేడి చేస్తుంది. కింద నల్లటి సముద్రం ఉందా, తాజా మంచు ఉందా, దట్టమైన మేఘం ఉందా అన్నదాన్ని బట్టి ఇది మారుతుంది. రోజువారీ వాతావరణ అంచనాకు దీన్ని పట్టించుకోనక్కర్లేదు. ముప్పై ఏళ్ల మార్పును దశాంశాల్లో లెక్కగట్టేవాళ్లు మాత్రం కంపెనీ సవరణతో సరిపెట్టుకోకుండా, జర్మనీలోని లిండెన్‌బర్గ్ కేంద్రంగా నడిచే గ్రువాన్ నెట్‌వర్క్ తయారుచేసే డేటా వాడాలి. అందులో ప్రతి బిందువుకూ దాని అనిశ్చితి విడిగా రాసి ఉంటుంది.

తేమ

ఇక్కడ అసలు సత్తా, అసలు పరిమితి రెండూ ఉన్నాయి. ఆర్‌ఎస్92 లో రెండు తేమ సెన్సర్లుండేవి. ఒకటి కొలుస్తుంటే రెండోదాన్ని వేడి చేసి మంచు దులిపేవారు. ఆర్‌ఎస్41 లో సెన్సర్ ఒకటే. అదే చిప్‌లో హీటరు, మరో ఉష్ణోగ్రత సెన్సరు ఉన్నాయి. చిప్‌ను ఎప్పుడూ చుట్టూ ఉన్న గాలి కంటే 5 డిగ్రీలు వేడిగా ఉంచుతారు. అందువల్ల మేఘంలో దాని మీద మంచు పేరుకోదు. వేడిగా ఉన్న సెన్సర్ తక్కువ తేమ చూపిస్తుంది కదా అంటే, చిప్ ఉష్ణోగ్రత తెలుసు, గాలి ఉష్ణోగ్రత తెలుసు, అసలు తేమను లెక్కగట్టి తెచ్చుకుంటారు. ఇదే లెక్కతో ఎండ వల్ల వచ్చే తప్పు కూడా పోయింది. పగటిపూట గాలిని ఉన్నదానికంటే పొడిగా చూపించడం ఆర్‌ఎస్92 కు పెద్ద జబ్బు. సూర్యుడు ఆరునెలలు దిగని చోట అది మరీ ఇబ్బంది.

అయితే దీనికో మూల్యం ఉంది. ఒక స్థావరంలో ఆర్‌ఎస్80, తర్వాత ఆర్‌ఎస్90, ఆర్‌ఎస్92, ఇప్పుడు ఆర్‌ఎస్41 అని వరసగా వాడితే, ఒక్కోదాని పొడి తప్పు ఒక్కో మోతాదులో ఉంటుంది. సోండ్ మారిన ఏడాది నుంచి ఆకాశం హఠాత్తుగా తడెక్కినట్టు గ్రాఫ్‌లో కనిపిస్తుంది. తేమ పెరిగింది గాలిలో కాదు, పరికరంలో. ధ్రువాల తేమ ధోరణుల గురించి ఎవరైనా గీత గీసి చూపిస్తే, మొదట అడగాల్సింది ఏ ఏడాది ఏ సోండ్ అని.

బాగా నేర్చిన వాళ్లు కూడా పొరపడే విషయం ఇంకొకటి. సోండ్ ఇచ్చే తేమ శాతం ఎప్పుడూ ద్రవ నీటి పరంగా, అంటే ద్రవ నీటి మీద గాలి ఆవిరితో నిండిపోయే హద్దుతో పోల్చి, ఉంటుంది, ఉష్ణోగ్రత సున్నాకి ఎంత దిగువన ఉన్నా సరే. మంచు పరంగా గాలి నిండిపోయే హద్దు అంతకంటే కింద ఉంటుంది. -20 డిగ్రీల దగ్గర సోండ్ 82 శాతం చూపిస్తే మంచు పరంగా అది 100. -30 దగ్గర 75, -40 దగ్గర 68, -60 దగ్గర 56. కాబట్టి -40 లో 68 శాతం చూసి గాలి పొడిగా ఉందని రాసుకుంటే తలకిందులు. ఆ గాలిలో మంచు పలుకులు పెరగడానికి సిద్ధంగా ఉన్నాయి. అదే -40 లో 75 చూపిస్తే పరికరం చెడిందనుకోవద్దు, అది మంచు పరంగా 110 శాతం. ధ్రువాల్లో ఇలాంటి అతిసంతృప్త గాలి మామూలు విషయం. అంటార్కిటికా పీఠభూమి మీద 3233 మీటర్ల ఎత్తున ఉన్న కాంకోర్డియా స్థావరంలో, వేడి చేసిన గొట్టంలోకి గాలిని లాగి కొలిచినప్పుడే నేల దగ్గరి అతిసంతృప్తి సరిగ్గా బయటపడింది. మామూలు తేమ సెన్సర్ల మీద మంచు పట్టేసి అవి 100 దగ్గరే ఆగిపోయేవి. ఆర్‌ఎస్41 హీటర్ వల్ల ఈ విషయంలో పాతవాటికంటే నిజాయితీగా ఉంటుంది.

పరిమితి స్పందన కాలంలో ఉంది. +20 డిగ్రీల దగ్గర 0.3 సెకన్ల లోపు, -40 దగ్గర 10 సెకన్ల లోపు. ఆర్‌ఎస్92 కంటే ఇది సగం. పది సెకన్లంటే 50 మీటర్ల ఎత్తు. అంటే -40 లో 30 మీటర్ల మందం ఉన్న తడి పొర ఉంటే దాని అంచులు అరిగిపోయి కనిపిస్తాయి. ఇంకా చల్లబడేకొద్దీ పాలిమర్ పొర నీటి అణువుల్ని మరీ బద్ధకంగా పీల్చి వదులుతుంది. సాఫ్ట్‌వేర్ ఈ ఆలస్యాన్ని లెక్కగట్టి వెనక్కి సవరిస్తుంది. సవరణ బాగానే పనిచేస్తుంది, కాకపోతే గిజగిజలాడే సిగ్నల్‌ను ఇంకా పెద్దది చేస్తుంది. -60 కి దిగువన కనిపించే సన్నసన్న మెట్లన్నీ నిజమని నమ్మొద్దు.

ట్రోపోపాజ్, అంటే కింది పొరకూ స్ట్రాటోస్ఫియర్‌కూ మధ్య హద్దు, దాటాక పరిస్థితి వేరు. స్ట్రాటోస్ఫియర్‌లో నీటి ఆవిరి పది లక్షల భాగాల్లో ఐదు భాగాల చొప్పున ఉంటుంది. గాలి పీడనం 30 హెక్టోపాస్కల్ ఉండే ఎత్తులో, -60 డిగ్రీల దగ్గర, అది సాపేక్షంగా ఒక శాతం కంటే తక్కువ. సోండ్ అనిశ్చితేమో 4 శాతం. తేల్చుకోండి. అక్కడి తేమ కావాలంటే చల్లబరిచిన అద్దం మీద మంచు పట్టే ఉష్ణోగ్రతను కొలిచే ఫ్రాస్ట్ పాయింట్ హైగ్రోమీటరే దిక్కు. అది బరువు, ఖర్చు, శ్రమ మూడూ ఎక్కువైన వస్తువు, రోజూ ఎగరేసేది కాదు. ధ్రువ రాత్రిలో స్ట్రాటోస్ఫియర్ మేఘాలు ఏర్పడే -78 డిగ్రీల ప్రాంతం ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో చెప్పడానికి మాత్రం ఆర్‌ఎస్41 ఉష్ణోగ్రత బాగా పనికొస్తుంది. ఓజోన్ రంధ్రం మీద పనిచేసే వాళ్లకు తేమ కంటే అదే ఎక్కువ అవసరం.

వదలడానికి ముందు

సోండ్‌ను ఆర్‌ఐ41 అనే చిన్న బల్ల పరికరం మీద పెడితే దానంతటదే మేల్కొని, తీగ లేకుండా మాటలు మొదలుపెడుతుంది. మొదట తేమ సెన్సర్‌ను గట్టిగా వేడి చేసి, నిల్వలో అంటుకున్న రసాయనాలను తరిమేస్తుంది. తర్వాత సెన్సర్‌ను వేడిగా ఉంచి, అక్కడ దాదాపు సున్నా అయ్యే తేమతో తన సున్నాను సరిచూసుకుంటుంది. ఆర్‌ఎస్92 కాలంలో దీనికి తేమ పీల్చే గుళికలున్న డబ్బా ఉండేది. గుళికలు పాతబడితే సున్నా కాస్తా మూడో నాలుగో అయ్యేది, ఎవరూ గమనించేవారు కాదు. ఆ తలనొప్పి తీరిపోవడమే ఈ మోడల్‌కు మారడానికి సగం కారణం అనొచ్చు. ఉష్ణోగ్రతకు ఇక్కడ సవరణేమీ చెయ్యరు. ప్లాటినం సెన్సరూ, తేమ చిప్‌లోని ఉష్ణోగ్రత సెన్సరూ ఒకే మాట చెబుతున్నాయో లేదో చూస్తారు, అంతే. తేడా ఉంటే ఆ సోండ్‌ను పక్కన పెట్టి ఇంకొకటి తీయండి.

ఇక జాగ్రత్తలు. పట్టీ చివర వేలు తగలనివ్వొద్దు, గ్లవ్ కూడా. సెన్సర్ మూత ఆఖరున తీయండి. ఇనుప కంటైనర్ లోపల జీపీఎస్ అందదు, కాబట్టి తలుపు బయట ఆకాశం కనిపించే చోట దానికో కొక్కెం ఉండాలి. +20 గదిలోంచి -35 లోకి తెచ్చిన సోండ్ వెంటనే ఎగిరితే, సెన్సర్ అర సెకనులో చల్లబడినా దాని వెనకున్న పెట్టె ఇంకా వేడిగానే ఉంటుంది. గాలి వాటున రెండు నిమిషాలు వేలాడదీస్తే సరి. అలాగని సెన్సర్లను మీ శ్వాస తగిలే దూరంలో పట్టుకోవద్దు. ఆ చలిలో ఊపిరి క్షణంలో మంచు పొడి అవుతుంది.

నేల మీద మొదటి బిందువును సోండ్ కొలవదు. స్థావరపు వాతావరణ పరికరాల నుంచి తీసుకుని మనమే ఎక్కిస్తాం. ఇక్కడే చాలా ప్రొఫైళ్లు, అంటే ఎత్తువారీ కొలతల వరసలు, చెడిపోతాయి. ధ్రువాల్లో నేల దగ్గరి గాలి అత్యంత చల్లన, పైకి పోయేకొద్దీ వేడి. ఈ ఇన్‌వర్షన్ శీతాకాలంలో పీఠభూమి మీద 20 డిగ్రీలు దాటుతుంది. కాంకోర్డియాలోనైతే అందులో పెద్ద భాగం మొదటి కొన్ని పదుల మీటర్లలోనే ఉంటుంది. అంటే బెలూన్ దాన్ని పది సెకన్లలోపు దాటేస్తుంది. వాతావరణ స్తంభం బెలూన్ గదికి రెండు వందల మీటర్ల దూరంలో, పల్లంలో ఉంటే, ఆ అంకెకూ సోండ్ మొదటి సెకను అంకెకూ నాలుగు డిగ్రీల తేడా రావచ్చు. గ్రాఫ్‌లో అదొక కొత్త పొరలా కనిపిస్తుంది. ఓడ మీద ఇది ఇంకా ఘోరం. మొజాయిక్ సోండ్లను హెలికాప్టర్ డెక్ మీంచి వదిలారు. ఓడ ఉక్కు, పొగగొట్టం వేడి వల్ల మొదటి కొన్ని పదుల మీటర్ల డేటాను అనుమానంతోనే చూడాలి. అంత కింద నిజం కావాలంటే తాడుతో కట్టిన బెలూన్‌ను పైకీ కిందికీ మెల్లగా నడపాలి, లేదా ఎత్తయిన స్తంభం ఉండాలి.

దారం చుట్ట గురించి కంపెనీ వాళ్లు పెద్దగా చెప్పని సంగతి ఒకటుంది. సోండ్ చివరికి బెలూన్‌కు 55 మీటర్ల కింద వేలాడుతుంది, దాని నీడ, వేడి తగలకుండా. దారం విప్పుకునే వేగమేమో సెకనుకు 0.35 మీటర్లు. మొత్తం విప్పుకోవడానికి రెండున్నర నిమిషాలు పైనే పడుతుంది. ఆ లోపు బెలూన్ 750 మీటర్లు ఎక్కేసి ఉంటుంది. మొదటి 100 మీటర్లలో సోండ్ బెలూన్‌కు కేవలం ఏడెనిమిది మీటర్ల దూరంలో ఉంటుంది. అది కూడా వెచ్చటి హాల్లో నింపిన బెలూన్. ఇన్‌వర్షన్ మీద పనిచేసేవాళ్లు ఈ లెక్క గుర్తుంచుకోవాలి. గాలి లేని రోజుల్లో దారాన్ని ముందే కొంత విప్పి, సోండ్‌ను ఇంకొకరు దూరంగా పట్టుకుని వదలడం మేలు. గాలి సెకనుకు 10 మీటర్లు దాటితే ఆ సాహసం వద్దు, సోండ్ నేలకు కొట్టుకుంటుంది.

బెలూన్, గ్యాస్

సహజ రబ్బరు పాలతో చేసిన బెలూన్లే ఎక్కడైనా. 350 గ్రాముల బెలూన్ మామూలు పరిస్థితుల్లో 26 కిలోమీటర్ల ప్రాంతం దాకా, 600 గ్రాములది 30 దాకా మోస్తుంది. నేల మీద మీటరున్నర లోపు వ్యాసం ఉన్నది పగిలే ముందు ఐదు మీటర్లు దాటుతుంది. సహజ రబ్బరు -70 డిగ్రీల దగ్గర గాజులా గట్టిపడుతుంది. గాదంకి మీద చలి పొర పలుచన కాబట్టి, కింద నుంచి వెచ్చటి భూమి వేడి కూడా తగులుతుంది కాబట్టి బెలూన్ దాటేస్తుంది. ధ్రువ రాత్రిలో ఎండ లేదు, కింద మంచు, పైన ముప్పావు గంట పాటు అదే చలి. 15, 18 కిలోమీటర్ల దగ్గరే పగిలిపోతుంది. సరిగ్గా ఓజోన్ కథ జరిగే ఎత్తు అది.

దీనికి పాత మందే ఇప్పటికీ పనిచేస్తోంది. బెలూన్‌ను ముందు వెచ్చటి అలమారాలో ఉంచి మెత్తబరచడం, నింపే ముందు పెట్రోలియం నూనెలో ముంచి, కారనిచ్చి, ఆరబెట్టడం. నూనె రబ్బరులోకి ఇంకి, చలిలోనూ సాగే గుణాన్ని నిలుపుతుంది. ఎక్కువసేపు ముంచితే రబ్బరు ఉబ్బి బలహీనపడుతుంది, తక్కువైతే లాభం లేదు. ఒక్కో కంపెనీ బెలూన్‌కు ఒక్కో సమయం, మీ స్థావరంలో ఉన్న సరుకు మీదే తేల్చుకోవాలి. ఈ పనిని సోండ్లున్న గదిలో చేయొద్దు. నూనె ఆవిరి తేమ సెన్సర్ పాలిమర్‌లోకి ఇంకుతుంది. హైడ్రోజన్ వాడే చోటైతే అసలు ఒకే కప్పు కింద నూనె పనీ, గ్యాస్ నింపే పనీ ఉండకూడదు. ధ్రువాల గాలి ఎముకల్లా పొడిగా ఉంటుంది, ఉన్ని టోపీ తీసినా నిప్పురవ్వ లేస్తుంది. దక్షిణ ధ్రువంలో శీతాకాలపు ఓజోన్ ప్రయోగాలకు రబ్బరు వదిలేసి పాలిథిన్ బెలూన్లు వాడటం కూడా ఈ చలి వల్లే.

ఈ చిన్న సోండ్‌తో 350 గ్రాముల బెలూన్‌కు ఒకటి నుంచి 1.2 ఘనపు మీటర్ల హీలియం సరిపోతుంది. 50 లీటర్ల సిలిండర్‌లో 200 బార్ దగ్గర పది ఘనపు మీటర్లకు దగ్గరగా ఉంటుంది, అంటే ఏడెనిమిది ప్రయోగాలు. రోజుకొకటి చొప్పున ఏడాదికి 50 సిలిండర్లు. బయట -40 లో నిలబెట్టిన సిలిండర్ మీటర్ 200 కు బదులు 160 చూపిస్తే లీకు అనుకుని కంగారు పడొద్దు, చల్లబడ్డ గ్యాస్ పీడనం తగ్గింది, అంతే. నింపేటప్పుడు మీటరు చూసి కాకుండా, బెలూన్ నోటికి కట్టిన తూకపు బరువు లేచేదాకా నింపండి. మేఘంలో అతిశీతల నీటి బిందువులున్న రోజు, సన్న జల్లు గడ్డకడుతున్న రోజు, కాస్త ఎక్కువ నింపాలి. బెలూన్ మీద మంచు పేరుకుంటే ఎక్కే వేగం సగానికి పడిపోతుంది, ఒక్కోసారి వెనక్కి దిగుతుంది కూడా.

ఏ రకం కొనాలి

రెండు రకాలున్నాయి. ఎస్‌జీలో పీడన సెన్సర్ ఉండదు, జీపీఎస్ ఎత్తు నుంచి పీడనం లెక్కగడతారు. ఎస్‌జీపీలో సిలికాన్ పీడన సెన్సర్ అదనం. చాలామందికి ఎస్‌జీ చాలు. పైన, గాలి పలచబడ్డ చోట, జీపీఎస్ నుంచి వచ్చే పీడనమే మెరుగు. జీపీఎస్ ఉపగ్రహాలు భూమధ్యరేఖకు 55 డిగ్రీల వాలులో తిరుగుతాయి కాబట్టి ధ్రువం దగ్గర అవి నడినెత్తికి రావు. ఎత్తు కచ్చితత్వం కాస్త తగ్గుతుంది, కానీ ఈ పనికి అది లెక్కలోకి రాదు. అసలు ప్రమాదం స్థావరం వివరాల్లో ఉంది. నేల పీడనం 1000 కి 1 హెక్టోపాస్కల్ తప్పుగా ఎక్కిస్తే అదే నిష్పత్తిలో తప్పు పైదాకా వెళ్తుంది. యాంటెన్నా ఎత్తు, పీడన మాపకం ఎత్తు రెండూ విడివిడిగా సరిచూసుకోండి. మంచు మీద కట్టిన స్థావరాల్లో ఈ ఎత్తులు ఏటేటా మారుతాయి. తేలే మంచు మీద, ఓడ మీద పనిచేసేవాళ్లు, మొజాయిక్ వాళ్లలాగా, ఎస్‌జీపీ తీసుకుంటే ఒక అదనపు సాక్ష్యం చేతిలో ఉంటుంది.

సిగ్నల్ 350 కిలోమీటర్ల దాకా అందుతుందని కంపెనీ మాట. శీతాకాలంలో ధ్రువ సుడిగాలి, అంటే ధ్రువం చుట్టూ పైన తిరిగే బలమైన గాలులు, సోండ్‌ను 200 కిలోమీటర్లు పైనే ఈడ్చుకుపోవచ్చు. అప్పుడది ఆకాశంలో క్షితిజానికి కొద్ది డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది. కొండల మధ్య ఉన్న స్థావరమైతే యాంటెన్నా ఎక్కడ పెట్టారన్నదే అంతా. న్యూ-ఆలెసుండ్‌లో 2 నుంచి 32 గిగాహెర్ట్జ్ మధ్య రేడియో నిశ్శబ్దం పాటించాలి, వైఫై, బ్లూటూత్ బంద్. ఈ సోండ్ 400 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తుంది కాబట్టి గొడవ లేదు, మీ చెవుల్లో పెట్టుకునే ఇయర్‌బడ్సే ఇంట్లో వదిలి వెళ్లండి.

పోటీ లేదని కాదు. జపాన్ మైసేయ్ కంపెనీ సోండ్ దీనిలో సగం కూడా బరువుండదు. జర్మనీ గ్రా, ఫ్రాన్స్ మీటియోమోడెమ్ కూడా మంచివే. 2022 లో లిండెన్‌బర్గ్‌లో ప్రపంచ వాతావరణ సంస్థ పది రకాల సోండ్లను పక్కపక్కన ఎగరేసి పోల్చింది. కొనే ముందు ఆ నివేదికలో -60 కి దిగువన తేమ పట్టికలు చూడండి, ప్రకటనల కంటే అవి ఎక్కువ చెబుతాయి. ధ్రువాలకు మాత్రం మా ఓటు ఇంకా ఆర్‌ఎస్41 కే, ముఖ్యంగా ఆ సున్నా పరీక్ష, ఎప్పుడూ వేడిగా ఉండే తేమ చిప్పు కోసం.

నచ్చనిది ఒకటే. పగిలిన రబ్బరు, 55 మీటర్ల పాలీప్రొపిలీన్ దారం, లిథియం సెల్స్, సర్క్యూట్ బోర్డు అన్నీ మంచు మీదో సముద్రంలోనో పడి ఉండిపోతాయి, ఎవరూ ఏరి తెచ్చేది లేదు. 1991 నాటి మాడ్రిడ్ ఒడంబడిక తర్వాత అంటార్కిటికాలో చెత్తకు ఇంత కట్టుదిట్టం ఉన్నా, శాస్త్రం పేరిట ఇది నడిచిపోతోంది.

ఆర్డర్ పెట్టేటప్పుడు ఒక మాట. అంటార్కిటికాకు ఓడ ఏడాదికోసారి వస్తుంది. సోండ్లు లెక్కకు పది శాతం ఎక్కువ, బెలూన్లు కనీసం ఇరవై శాతం ఎక్కువ తెప్పించుకోండి. బెలూన్ పెట్టెలను గడ్డకట్టే గోదాంలో కాకుండా గది వేడిలో, విద్యుత్ మోటార్లకు దూరంగా, చీకట్లో ఉంచండి. మోటార్ల దగ్గర పుట్టే ఓజోన్ రబ్బరును పగలగొడుతుంది. సోండ్ల రేకు కవర్లను మాత్రం ప్రయోగం రోజు దాకా విప్పొద్దు.